మోర్స్ కీ, తోలుకాయ, నా కుడి చెయ్యి

తంతి శాఖలో కొత్తగా చేరే పిల్లలకి పనికొచ్చేలా నాలుగు మాటలు రాయమని అడిగారు. నేను ఎప్పుడు చేరానో, ఏ గ్రేడు ఎప్పుడొచ్చిందో రాయను. అవన్నీ సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, చదివేవాళ్ళు లేక హాయిగా ఉన్నాయి. నేను రాయదలుచుకున్నది నా కుడి చెయ్యి గురించి. దాన్ని నేనే ఎలా పాడుచేసుకున్నానో, దానివల్ల ఒక పెద్దాయనకి ఏం జరిగిందో, ఆ తర్వాత ఒక తోలుకాయని గుద్దుతూ ఆ చేతిని మళ్ళీ ఎలా దారికి తెచ్చుకున్నానో చెబుతాను. తంతి గుమాస్తాకి గుద్దులాటేమిటని నవ్వొస్తే నవ్వుకోండి. మా ఆవిడ అన్నపూర్ణ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

కీ ముందు కూర్చోవడం

అరవైల్లోనూ డెబ్బైల్లోనూ విజయవాడలో ఒక తంతి ఆఫీసులో మోర్స్ కీ మీద పనిచేశాను. కీ అంటే బల్లకి బిగించిన చిన్న ఇత్తడి మీట. దాన్ని టక్కున నొక్కి వదిలితే చుక్క, కాస్త పట్టి ఉంచితే గీత. చుక్కలూ గీతలూ కలిస్తే అక్షరం. అవతల ఊళ్ళో ఒకడు ఆ చప్పుడు విని రాసుకుంటాడు. చప్పుడు సరిగ్గా వినపడాలని వార్త అందుకునే యంత్రం వెనక ఖాళీ సిగరెట్ డబ్బా పెట్టుకునేవాళ్ళం. ఆ రేకు డబ్బాలోంచి వచ్చే టకటకలోనే అవతల కూర్చున్నది ఎవరో పోల్చుకునేవాళ్ళం. మనిషి మనిషికీ నడక వేరైనట్టే చెయ్యి కూడా వేరు.

నా చేతికి మంచి పేరుండేది. నన్ను ‘మెయిలు రామ్మూర్తి’ అనేవాళ్ళు, మెయిలు బండిలా ఎక్కడా ఆగనని. ఆ పేరు విని ఉబ్బిపోయేవాడిని. పక్క బల్లవాడు ఒకటి పంపేలోపు నేను రెండు పంపాలి. అదొక పిచ్చి. వేగం కోసం కీని బిగించి పట్టడం అలవాటైంది. అయిదారేళ్ళు అలా పట్టేసరికి బొటనవేలి మొదట్లో ఒక బిగువు మొదలైంది. మధ్యాహ్నం దాటితే వేళ్ళు నా మాట వినేవి కావు. గీత పట్టి ఉంచాల్సిన చోట వేలు దానంతటదే లేచిపోయేది.

ఇది మా వృత్తిలో కొత్త జబ్బేమీ కాదు. పాతవాళ్ళందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ చెప్పరు, ఎందుకంటే చెప్పిన మరునాడు కీ మీంచి తీసేస్తారు. నేనూ చెప్పలేదు. నువ్వులనూనె రాశాను, గుడ్డ చుట్టాను, వేడినీళ్ళలో ముంచాను. పట్టు సడలుతోందని ఇంకా గట్టిగా పట్టాను. ఇలా ఏడాది గడిపాను.

నాలుగో తారీకు

ఒకరోజు కొల్లేటి లంక గ్రామం నుంచి నాగరాజు అని చేపల పని చేసే మనిషి వచ్చాడు. వాళ్ళ నాన్నకి కంటి ఆపరేషను కోసం విజయవాడ ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాడు. పెద్ద డాక్టరు నెలకొక్కసారే వస్తాడట, ఈసారి వచ్చేది నాలుగో తారీకున. ఆ రోజుకి నాన్నని తీసుకురమ్మని తమ్ముడికి టెలిగ్రాం ఇవ్వాలి. బయట ఎవరిచేతో ఇంగ్లీషులో రాయించుకొచ్చాడు.

“అయ్యా, తారీకు సరిగ్గా పోద్దాండి?” అని అడిగాడు.

“పోతుందిలే, వెళ్ళు” అన్నాను తలెత్తకుండా.

మోర్స్‌లో నాలుగంటే నాలుగు చుక్కలు, ఒక గీత. అయిదంటే అయిదు చుక్కలు. అప్పటికి నా వేలు బిగుసుకుపోయి ఉంది. చివరి గీత తెగి చుక్క అయింది. అయినా కొంప మునిగేది కాదు. వార్తలో అంకె ఉంటే చివర్లో ఆ అంకెని మళ్ళీ పంపాలని మాకు నియమం. తప్పు దొర్లితే అక్కడ దొరికిపోతుంది. ఆ రోజు నేను ఆ పని ఎగ్గొట్టాను. నొప్పిగా ఉంది, ఇంకా పది ఫారాలున్నాయి, మెయిలు ఆగకూడదు.

వాళ్ళు పెద్దాయన్ని అయిదో తారీకున తీసుకొచ్చారు. డాక్టరు ముందురోజే వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చేసరికి ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది దక్కింది.

నాగరాజు వాళ్ళ ఊళ్ళో అందిన కాగితం పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. గొడవ చెయ్యలేదు. కౌంటరు మీద ఆ కాగితం పరిచి, “నేను సదువుకోలేదండి. కానీ నాలుగని నేను చెప్పింది నాకు గుర్తుందండి” అన్నాడు.

“లైనులో ఏదో అంతరాయం వచ్చుంటుంది. గాలీ వానా ఉంటే అలా జరుగుతుంది” అన్నాను.

ఆయన నమ్మాడు. తల ఊపి కాగితం మడుచుకున్నాడు. ఆ నమ్మడం చూశాక నాకు అన్నం సహించలేదు.

వెంకటరత్నం గారు

మా టెలిగ్రాఫ్ మాస్టరు వెంకటరత్నం గారు పొట్టి మనిషి, మాట చేదు. ఆయనకి భయపడనివాడు ఆఫీసులో లేడు. నేను చూసిన అధికారులందరిలో నిజమైన అధికారి ఆయనొక్కరే అని ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడైతే అనేవాణ్ణి కాదు. ఆ రోజు నాగరాజు వెళ్ళిపోగానే ఆయన అసలు ఫారం తీయించి చూశారు. నన్ను లైనుకి కలపని ప్రాక్టీసు కీ ముందు కూర్చోబెట్టారు.

“నాలుగు పంపు” అన్నారు. పంపాను. “మళ్ళీ పంపు.” పది పంపించారు. మూడు అయిదులయ్యాయి.

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏడాది నుంచండీ.”

“చెయ్యి పాడవడం నీ తప్పు కాదోయ్. రోజూ కూర్చునేవాడికి ఎవడికైనా పాడవుతుంది. ఏడాదిపాటు దాచావు చూడు, అది తప్పు. లైను మీద తోసెయ్యడం ఇంకో తప్పు.” అసలు ఫారం నా ముందు పెట్టి, “మూడు నెలలు కౌంటర్లో కూర్చో. తర్వాత నేనే పరీక్ష పెడతాను. చెయ్యి నిలిస్తే కీ నీది. నిలవకపోతే ఇక ఎప్పటికీ ముట్టుకోవద్దు. ఈ ఆదివారం కొల్లేరు వెళ్ళి ఆ మనిషికి నిజం చెప్పిరా” అన్నారు.

కైకలూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి పడవ. దారంతా నా మీద నాకు అసహ్యం వేసింది. నాగరాజు విన్నాడు, లేచి గట్టు వైపు వెళ్ళిపోయాడు. తిడితే బాగుండేది. మంచం మీద పెద్దాయన మాత్రం, “ఏదీ, ఆ చెయ్యి ఇట్టా ఇయ్యి” అన్నాడు. జీవితమంతా వల లాగిన వేళ్ళతో నా బొటనవేలి మొదలు నొక్కి చూశాడు.

“ఇది కర్రలాగుంది గదయ్యా. దీంతో ఎట్టా పని చేత్తన్నావు?” అన్నాడు. తర్వాత, “బాగుచేసుకో” అన్నాడు. అంతే.

బాగుచేసుకు తీరాలని పడవలో కూర్చునే నిశ్చయించుకున్నాను. కీ మీదకి మళ్ళీ వెళ్ళాలి. వెళ్ళాక నా చేతి మీదుగా తప్పు వార్త పోకూడదు. ఈ రెండే కావలసింది, మిగతావేవీ పట్టించుకోదలుచుకోలేదు.

డేనియల్ గారి వరండా

కౌంటర్లో కూర్చోవడం నాకు అవమానంగా ఉండేది. దాన్ని వదిలించుకోవడానికి పొద్దున్నే నడక మొదలుపెట్టాను. ఒకరోజు రైల్వే క్వార్టర్ల పక్కనుంచి పోతుంటే ఒక వరండాలోంచి చప్పుడు వినిపించింది. డుగుడుగుడుగు, డుగుడుగుడుగు. తంతివాడి చెవి కదా, అందులో అక్షరాలు వెతికాను. అక్షరాలు లేవు. కానీ నా బతుకులో అంత సమంగా ఉన్న చప్పుడు వినలేదు. మూడు మూడుగా, వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తోంది. రోడ్డు మీద అలాగే నిలబడిపోయాను.

“ఏంటండీ అట్టా నిలబడిపోయారు? లోనికి రండి” అన్నాడు చప్పుడు చేస్తున్నాయన.

ఆయన పేరు డేనియల్. ఇంజను డ్రైవరు. కుర్రతనంలో రైల్వేవాళ్ళ వ్యాయామశాలలో ఎవరో దొర దగ్గర నేర్చుకున్నాడట. తల ఎత్తులో గుండ్రటి చెక్క పైనుంచి అడ్డంగా బిగించి ఉంది. దాని కింద కొక్కేనికి చిన్న సొరకాయంత తోలుసంచి, లోపల గాలి. దాన్ని స్పీడ్ బ్యాగ్ అంటారు, నేను తోలుకాయ అంటాను. పిడికిలితో తడితే అది వెనక్కి పోయి చెక్కకి తగులుతుంది, ముందుకొచ్చి తగులుతుంది, మళ్ళీ వెనక్కి పోయి తగులుతుంది. మూడు చప్పుళ్ళయ్యాక మీ ముందుకి వస్తుంది. అప్పుడు తట్టాలి. ఆయన చేతులు గుండ్రంగా తిరుగుతుంటే తోలుకాయ కంటికి ఆనలేదు.

“నేనొకసారి కొట్టచ్చాండీ?” అన్నాను. చేతికి ఏం జరిగిందో కూడా చెప్పాను. కొల్లేరు వెళ్ళొచ్చాక నాకు దాచే ఓపిక పోయింది.

నా ఏడాది కసి అంతా పెట్టి ఒక్కటి గుద్దాను. అది చెక్కని ఒకవైపు కొట్టి, ఇంకోవైపు తిరిగి, వచ్చి నా ముక్కు మీద కొట్టింది. డేనియల్ గారు నవ్వలేదు. నీళ్ళిచ్చి, “కొట్టమాకండి, తట్టండి. పిడికిలి ఎందుకంత బిగించారు? లోపల పిచ్చుకపిల్లుందనుకోండి” అన్నారు. రెండోసారి రెండు చప్పుళ్ళకే చెయ్యి విసిరాను, తోలుకాయ అందలేదు. “మీరు దాన్ని చూస్తన్నారు. చూడమాకండి, వినండి. మూడయ్యేదాకా ఆగండి.”

వినడం నా వృత్తి. ఆగడమే నాకు రాలేదు.

రోజూ పొద్దున అరగంట వెళ్ళేవాడిని. మొదటి వారమంతా ఒకే చేత్తో ఒక్కో దెబ్బ. తట్టడం, మూడు వినడం, తట్టడం. భుజం నొప్పి పుట్టేది, వేళ్ళు మాత్రం వదులుగా ఉండేవి. పదిహేను రోజులయ్యాక ఒక పొద్దున అది కుదిరింది. నేను తడుతున్నానా, అదే నా చేతిని అడుగుతోందా అన్నట్టుగా సాగిపోయింది. నిమిషమో రెండు నిమిషాలో నా బుర్రలో కౌంటరు లేదు, పరీక్ష లేదు, మెయిలు రామ్మూర్తి లేడు. చెయ్యి ఆపాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 

ఇందులో ఏముందని నన్ను చాలామంది అడిగారు. అవతల ఓడించాల్సిన మనిషి లేడు, లెక్కపెట్టే పాయింట్లు లేవు, చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. కోపం తీర్చుకోవడానికి అనుకుంటారు కొందరు. కోపంతో కొడితే ఏమవుతుందో నా ముక్కుకి తెలుసు. మీ తొందరని మీకే తిరిగి వినిపిస్తుంది తోలుకాయ. మీరు ఒక్క లిప్త ముందున్నా చప్పుడు చెడుతుంది, వెనకున్నా చెడుతుంది. అబద్ధం చెప్పడానికి చోటు లేదు. ఆ రోజుల్లో నాకు కావలసింది అలాంటిదే.

కొండపల్లి చెక్క

డేనియల్ గారికి డ్యూటీలుంటాయి, రోజూ వాళ్ళ వరండా మీద పడలేను. సొంతానికి ఒకటి కావాలనుకున్నాను. తోలు పని తెలిసినాయన చిన్న ఫుట్‌బాల్ బ్లాడరుకి సరిపడా తొడుగు కుట్టిపెట్టాడు. చెక్క కోసం కొండపల్లి వెళ్ళాను. అక్కడ బొమ్మలు చేసే గోపాలం నా చిన్ననాటి స్నేహితుడు. చెక్కంటే మా జిల్లావాడికి కొండపల్లే గుర్తొస్తుంది కదా.

గోపాలం ముచ్చటపడి చేశాడు. బొమ్మలు చెక్కే పొణికి చెక్క ముక్కలు అతికించి, గుండ్రంగా నున్నగా చెక్కి, అంచు చుట్టూ ఎరుపూ పసుపూ తీగ వేశాడు. మధ్యలో ఒక చిలకని కూడా వేశాడు. ఎత్తితే అప్పడంలా తేలిపోతోంది. అంత తేలిగ్గా ఉన్నందుకు నేను సంబరపడ్డాను కూడా.

పెరటి వసారాలో దూలానికి బిగించి మొదటి దెబ్బ తట్టాను. తుప్ అంది. తోలుకాయ ఒక్కసారి తగిలి సోలిపోయింది. ఎన్నిసార్లు తట్టినా తుప్పే. పొణికి మెత్తన. బొమ్మకి ఆ మెత్తదనమే ప్రాణం. ఇక్కడ మాత్రం అది దెబ్బనంతా మింగేసి ఏమీ తిరిగివ్వడం లేదు. అన్నపూర్ణ వాకిట్లోంచి వచ్చి చూసి, “చిలక బాగుందండీ. దాన్ని ఎందుకు కొడుతున్నారు పాపం?” అంది.

డేనియల్ గారు వచ్చి చూసి, వేలితో చెక్కని తట్టి విన్నారు. “బరువుండాలండీ. ఇది బిగిసి నిలబడితేనే అది తిరుగుద్ది” అన్నారు. పాత టేకు తలుపు ఒకటి సంపాదించి, రెండు పొరలుగా కోయించి, మేకులతో బిగించాం. ఇద్దరం పట్టుకుంటే గానీ లేవలేదు. దాని కింద తోలుకాయ మొదటిసారి పలికినప్పుడు వీధిలోవాళ్ళు బయటికొచ్చారు. చిలక చెక్క మా ఇంట్లో పీట అయింది.

నేను చేసిన ఈ తప్పు గురించి చాలాసార్లు ఆలోచించాను. చేతిని బిగించాను, చెక్కని మెత్తగా పెట్టాను. ఉండాల్సింది సరిగ్గా దానికి తిరగేసి. వదులుగా ఉండాల్సింది చెయ్యి. బిగువుగా ఉండాల్సింది మనం పెట్టుకున్న నియమం. అంకెని రెండోసారి పంపడం అలాంటి నియమమే, మన అలసటని బట్టి వంగకూడదు.

వీధిలో కబుర్లకి కొదవలేదు. తంతి ఆఫీసాయన కుస్తీల్లోకి దిగుతున్నాడన్నారు. మతి చలించిందన్నారు. అన్నపూర్ణ ఎవరికీ జవాబు చెప్పలేదు గానీ ఒక మధ్యాహ్నం నేను లేనప్పుడు తనూ తట్టి చూసిందట. జల్లెడ పట్టే చేతులేమో, నాకు పదిహేను రోజులు పట్టింది తనకి మూడు రోజుల్లో వచ్చేసింది. “ఇందులో ఏముందండీ, ఆగడమేగా” అంది. ఆ మాటకి నాకు కాస్త మండిన మాట నిజం.

ఇంకో సంగతి నిజాయితీగా చెప్పాలి. నా చేతిని తోలుకాయ ఒక్కటే బాగుచేసిందనను. మూడు నెలలు కీ ముట్టకపోవడం సగం మందు. కానీ ఉత్త విశ్రాంతి తీసుకుని వెళ్ళి ఉంటే మళ్ళీ అదే బిగింపుతో పట్టేవాణ్ణి, మళ్ళీ పాడయ్యేది.

పరీక్ష

మూడు నెలలు నిండిన రోజున వెంకటరత్నం గారు నన్ను మళ్ళీ ఆ ప్రాక్టీసు కీ ముందు కూర్చోబెట్టి ఫారాల కట్ట ఇచ్చారు. అన్నీ ఏరి తెచ్చినవి. రైలు నంబర్లు, తారీకులు, ఐసు దిమ్మల లెక్కలు. నిండా అంకెలు. మొదటి రెండు ఫారాలు రివ్వున పంపాను. చెయ్యి ఎంత బాగుందంటే నాకే ముచ్చటేసింది.

“ఆపు” అన్నారు. “ఎవడైనా తరుముతున్నాడా?”

“లేదండీ.”

“మరి?”

కీ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల మూడు చప్పుళ్ళు విన్నాను. తర్వాత మొదటి ఫారం నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పిడికిలి విప్పి, మణికట్టుని గాలిలో వదిలి, నెమ్మదిగా. అంకె వచ్చిన ప్రతిచోటా చివర్లో రెండోసారి పంపాను. కట్ట అయిపోయేసరికి పాత రోజుల్లోకన్నా ఎక్కువ సేపే పట్టింది. ఒక్క నాలుగు కూడా అయిదు కాలేదు.

“పాత చెయ్యి కాదిది” అన్నారు ఆయన. మెచ్చుకోలో కాదో తెలీలేదు. “కీ నీదే. ఒక్క షరతు. మళ్ళీ పట్టేసిన రోజున నాకు నువ్వు చెప్పాలి. ఇంకొకళ్ళు వచ్చి కాగితం చూపించాక కాదు.”

సరేనన్నాను. ఒప్పుకోవడం తేలిక. చెయ్యి బాగున్నప్పుడు ఎవడైనా ఒప్పుకుంటాడు.

ఉప్పెన

ఆ తర్వాత కొన్నేళ్ళకి దివిసీమ మీద ఉప్పెన పడింది. దాని గురించి కొత్తగా రాయడానికి నా దగ్గర మాటలు లేవు. మా గదిలో జరిగింది మాత్రం చెబుతాను. స్తంభాలు కూలి లైన్లు చాలావరకు పోయాయి. మా ఆఫీసులో టెలిప్రింటర్లు మూగబోయాయి, ఒక్క మోర్స్ లైను పలికింది. బతికి బయటపడ్డవాళ్ళు తడి బట్టలతో విజయవాడ చేరి కౌంటరు ముందు నిలబడ్డారు. ఎక్కడెక్కడో ఉన్న బంధువులకి తాము ఉన్నామని చెప్పాలి. ఇంట్లో ఎంతమంది మిగిలారో చెప్పాలి. ప్రతి టెలిగ్రాంలోనూ ఒక అంకె ఉంది. ‘నలుగురం క్షేమం.’ ‘ఇద్దరం ఉన్నాం.’ ఆ అంకె ఒకటి పెరిగితే లేని మనిషిని బతికించినట్టు, తగ్గితే ఉన్న మనిషిని చంపినట్టు.

గదిలో నాకన్నా బాగా పంపేవాడు లేడు. నేనే కూర్చున్నాను. రెండు రోజులు పగలంతా పంపాను. మూడో రోజు మధ్యాహ్నం బొటనవేలి మొదట్లో చిన్న బిగువు తగిలింది. ఏళ్ళ తర్వాత వచ్చినా వెంటనే గుర్తుపట్టాను. గీత ఇంకా తెగలేదు. ఇంకో గంట లాగగలనని తెలుసు. ఆ గంటలో ఎన్ని వార్తలు పోతాయో తెలుసు. కౌంటరు ముందు వరస గుమ్మం దాటి రోడ్డు మీదకి ఉంది. నన్నే చూస్తున్నారు వాళ్ళంతా. పాత మెయిలు రామ్మూర్తి నాలో లేచి, ఇప్పుడా కుర్చీలోంచి లేవడం, సిగ్గులేదా అన్నాడు.

చేతిలో ఉన్న వార్త పూర్తి చేసి, అంకె రెండోసారి పంపి, కీ మీంచి చెయ్యి తీశాను.

“మాస్టారూ, నా చెయ్యి పట్టేస్తోందండీ. ఇంకొకర్ని కూర్చోబెట్టండి.”

వెంకటరత్నం గారు నా మొహంలోకి చూశారు.  అందరికన్నా నెమ్మదిగా పంపే శేషయ్యని పిలిచారు. శేషయ్య భయపడ్డాడు.

“నా వల్ల కాదేమోనండీ, ఇంతమంది నిలబడి ఉన్నారు.”

“ఉండనివ్వు. నీకు ఎంత టైము కావాలో అంత తీసుకో. నేను పక్కనే ఉంటా” అన్నాను.

కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. ఒక్కో ఫారం తీసి పేరు చదివాను, ఊరు చదివాను, ఎంతమంది మిగిలారో చదివాను, మళ్ళీ ఒకసారి చదివాను. శేషయ్య పంపాడు. వరస నెమ్మదిగా కదిలింది. సాయంత్రానికి చివరి మనిషి దాకా వచ్చింది. ఆ మూడు రోజుల్లో మా గదిలోంచి వెళ్ళిన ఒక్క అంకె కూడా తప్పు పోలేదని తర్వాత తెలిసింది. మూడో రోజు సాయంత్రం వెళ్ళినవి నేను పంపలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు గర్వంగా ఉన్నది ఆ వార్తల గురించే.